జాకబ్ ప్రార్థనలో అమెరికా

జాకబ్ ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగిపోవాల్సిందే. ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళు, వాన, వేరుశెనగ పైరు, అన్నీ అయ్యాక చివర్న అమెరికా వచ్చేది. "ప్రభువా, నాకు అన్నం పెట్టిన ఆ దేశం చేతిని బలపరచు" అని ముగించేవాడు. చిన్నప్పుడు కరువు రోజుల్లో రాప్తాడు దగ్గర వాళ్ళ ఊరి బడిలో అమెరికా రవ్వతో ఉప్మా పెట్టేవారట. ఆ ఉప్మా లేకపోతే తాను లేనని ఆయన నమ్మకం. ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటూనే ఆమెన్ అనేవాళ్ళు.

ఆ పొద్దున మనవరాలు రూతు నవ్వలేదు. వాళ్ళమ్మ సుంకమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది. అమెరికా ఇరాన్ మీద బాంబులు వేసిందనీ, కువైట్‌కు విమానాలు ఆగిపోయాయనీ టీవీలో ఒకటే గోల. నిన్నటి నుంచి సుంకమ్మ ఫోన్ కలవడం లేదు. జాకబ్ కూతురి కోసం కన్నీళ్ళతో ప్రార్థించి, అలవాటు కొద్దీ ఆ చివరి మాట కూడా అనేశాడు.

ఆమెన్ రాలేదు. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏ చేతిని తాతా? నీకు ఉప్మా పెట్టిన చేతినా, ఆడ బాంబులు ఏసిన చేతినా?" అంది రూతు.

"అట్లనగూడదు పాపా. ఆ కరువులో మనల్ని ఇంకెవురు చూసినారు?"

"నీ కడుపు నింపినారు, సరే. ఇప్పుడు మా అమ్మ యాడుండాదో చెప్పమను!"

"మీ అమ్మ నాకు బిడ్డ గాదా?" అన్నాడు జాకబ్.

రూతు విసురుగా లేచి, వసారాలో విత్తనపు వేరుశెనగ కాయలు ఒలవడానికి కూర్చుంది. కోపంలో గింజలు కింద పారేసి, పొట్టు చాటలో వేస్తోంది. జాకబ్ వచ్చి ఎదురుగా కూర్చుని, గింజలు ఏరి చాటలో పోస్తున్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. సుంకమ్మే!

"నాయనా, నేను బాగుండా. నెట్టు లేకపోయె, అంతే. మా మేడమ్మే అన్నం ముట్టలేదు. ఆయమ్మ కూతురు జహ్రాను ఇరాన్‌లో ఇచ్చినారు. ఆ పిల్ల ఫోన్ ఇంకా కలవలేదు. పక్కనే కూచోని ఏడుస్తాండాది. నీ ప్రార్థనలో ఆ పిల్ల పేరు గూడ చెప్పు నాయనా."

జాకబ్ తన బిడ్డ గొంతు తాను విన్నాడు. ఆ తల్లి ఇంకా వినలేదు. ఏ చేతిని బలపరచమని ఇన్నేళ్ళూ మొక్కాడో, దాని కిందే ఉంది ఆ పిల్ల. ఆయనకు సిగ్గనిపించింది, ఏడుపొచ్చింది.

చాట పక్కకు జరిపి, ఫోన్ స్పీకర్ మీద ముందు పెట్టుకుని మోకాళ్ళూనాడు.

"ప్రభువా, జహ్రాను కాపాడు. వాళ్ళమ్మకు ఆ పిల్ల గొంతు వినిపించు." రూతు వచ్చి పక్కన కూర్చుంది. "నాకు అన్నం పెట్టిన చేతిని నేను మరిచిపోను. కానీ నువ్వు దాన్ని గట్టిగా పట్టుకోయ్యా. ఇంక ఎవురినీ కొట్టనీయకు."

రూతు తాత భుజం మీద తల వాల్చి ఏడుస్తూ "ఆమెన్" అంది.

ఫోన్‌లో సుంకమ్మ కూడా అంది. ఆ వెనకే, కూతురి పేరు విన్న ఆ తల్లి గొంతు "ఆమీన్" అంది.