పుట్టి గీసిన గీత

ఏజెంట్ జితేందర్‌కు కుళ్లిన మామిడిపండు వాసన పడదు. చీఫ్ బాలస్వామి ఏరికోరి అతనికే మామిడి వ్యాపారి వేషం వేయించి కొల్లాపూర్ పంపించాడు.

బ్రీఫింగ్ వనపర్తి బస్టాండ్ వెనక, కారులో జరిగింది. వరదల్లో జనాన్ని కాపాడేందుకు డ్రైవర్ అక్కర్లేని బోటు ఒకటి తయారైంది. ఉపగ్రహాల సిగ్నల్ అందుకుని దారి వెతుక్కునే సాఫ్ట్‌వేర్ మనది. సోమశిల రేవులో ఊరివాళ్లను ఎక్కించి, కెమెరాల ముందు డెమో చేస్తారు. అది కాస్తా మునిగితే ప్రాజెక్టు మూతపడుతుంది. అప్పుడు ఒక విదేశీ ముఠా తన సరుకు మనకు అంటగడుతుంది.

"జనం పోయినా ఫరవాలేదా సర్ వాళ్లకు?"

"జనం పోతేనే వాళ్లకు బేరం," అన్నాడు చీఫ్ మిర్చి బజ్జీ నములుతూ. జితేందర్‌కు ముఠా మీద పుట్టిన రోత ఆ బజ్జీ మీదికి కూడా పాకింది.

టెస్టింగ్ హెడ్ జయశ్రీ మన డిపార్ట్‌మెంట్‌కు రహస్యంగా సమాచారం అందిస్తుంది. నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు. కొల్లాపూర్ గెస్ట్‌హౌస్‌లో జితేందర్ కోడ్ చెప్పాడు.

"బేనిషాన్ పండ్లు దిగినయా?"

"దిగాయి. ఇంకా పుల్లగానే ఉన్నాయి."

టిఫిన్ బాక్సంత సిమ్యులేటర్‌ను ఆమె చూపించింది. ఉపగ్రహాలతో పని లేకుండా దొంగ సిగ్నల్ పుట్టించే పెట్టె అది. దాన్ని రిసీవర్‌కు తినిపిస్తే, బోటు గదిలోనే కూర్చుని నది దాటుతున్నాననుకుంటుంది. ముందు దీంతో టెస్ట్ చేశామనీ, తర్వాత తానే రేవులో జనాన్ని దాటించే సత్తెమ్మ పుట్టిలో నది దాటి అసలు సిగ్నల్ రికార్డ్ చేశాననీ, రెండింటిలోనూ సాఫ్ట్‌వేర్ పాసైందనీ చెప్పింది. స్క్రీన్ మీద ఆమె ప్రయాణం తాడు లాగి కట్టినంత తిన్నగా ఉంది. ఆమె నవ్వు చూసి జితేందర్ నమ్మేశాడు.

డెమో రోజు పొద్దున, నదిలోని బండరాళ్లను చూసి రమ్మని చీఫ్ పురమాయించాడు. అతను సత్తెమ్మ పుట్టి ఎక్కాడు. పుట్టి అంటే పెద్ద వెదురుబుట్ట. తెడ్డు వేసిన ప్రతిసారీ గిర్రున తిరుగుతుంది. నది నడుమకు వచ్చేసరికి జితేందర్ కృష్ణమ్మలో భళ్లున కక్కుకున్నాడు.

"నీళ్లు సూడకు సారు, దూరం సూడు. పుట్టి గిట్ల తిరుక్కుంటనే పోతది," అంది సత్తెమ్మ. తన మనుమరాలు ఉమ ఇయ్యాల ఆ మిషిన్ బోటు ఎక్కుతోందని మురిసిపోతూ చెప్పింది.

ఒడ్డుకు తిరిగొచ్చి, మూతి తుడుచుకుంటూ అతను చేతి గడియారం చూశాడు. వెళ్లిన దారినంతా గీసి చూపే గూఢచారి గడియారం అది. అందులో చుట్టలు చుట్టలుగా జిలేబీ ఉంది. జయశ్రీ గీత మాత్రం తిన్నగా ఉంది.

"జయశ్రీ మేడమ్ నీ పుట్టి ఎక్కిందా అమ్మా?"

"ఆమె రేవులకే దిగలే సారు. బురద అంటుకుంటదట."

జితేందర్ గడియారంలోని జిలేబీని మళ్లీ చూశాడు. ఆ రికార్డింగ్ కూడా గదిలో వండిందే. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఆకాశంలోని అసలు సిగ్నల్‌ను ఒక్కసారి కూడా చూపించలేదు. చూపిస్తే బోటు ఏం చేస్తుందో ఆమెకు తెలుసు గనకే చూపించలేదు. ఆమె ముఠాకు అమ్ముడుపోయింది.

అప్పటికే బోటు కదిలింది. దారి తప్పి, నేరుగా బండల వైపు మళ్లింది. అతను రేవులో మఫ్టీలో ఉన్న పోలీసులను కేకేసి, జయశ్రీ ఉన్న కంట్రోల్ టెంట్‌లోకి దూసుకుపోయాడు.

"ఆపు."

"స్టాప్ స్విచ్ తీసేశాను. అసలు సిగ్నల్ దొరికితే అది బండల మీదికే పోతుంది," అంది జయశ్రీ.

"అందులో మనుషులున్నరు."

"ఎవరో చేపలవాళ్లు," అంటూ ఆమె చెప్పుకంటిన మట్టిని టిష్యూతో తుడుచుకుంది. ఆమెను ముట్టుకోవడానికి కూడా జితేందర్‌కు అసహ్యమేసింది. ఆ పని పోలీసులకు వదిలేసి, ఆమె బ్యాగులోంచి సిమ్యులేటర్ లాగాడు. యాంటెన్నాను బోటు వైపు తిప్పి పవర్ మొత్తం పెంచాడు. ఆమె దొంగ ప్రయాణంలోని ఆఖరి ముక్కను, అంటే అవతలి ఒడ్డును, ప్లే చేశాడు.

బండకు బారెడు దూరంలో ఇంజిన్ ఆగింది. నది నడుమ స్పీకర్ తీయగా పలికింది: "మీరు గమ్యం చేరుకున్నారు."

సత్తెమ్మ గిరగిరా తిరుగుతూ వెళ్లి, కొద్దిమంది చొప్పున అందరినీ పుట్టిలో ఒడ్డుకు చేర్చింది. ఉమను కిందికి దించి, జితేందర్ వైపు తిరిగింది.

"ఒడ్డు లేదు ఏం లేదు, వచ్చినమంటది. గిదేం బోటు సారు?"

"దానికి పుట్టినప్పటి నుంచి అబద్ధాలే తినిపించినం అమ్మా."

చీఫ్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు. వచ్చేటప్పుడు ఒక పెట్టె మామిడిపండ్లు తెమ్మన్నాడు, కొంచెం మెత్తబడినా ఫరవాలేదట. జితేందర్ ఫోన్ పెట్టేసి మళ్లీ కృష్ణలోకి కక్కుకున్నాడు. ఈసారి అతను పుట్టిలో లేడు.