పాపాయమ్మ రేవులో మూడో నాబు

కొల్లేటి ఒడ్డున, మండవల్లి దిగువన, పాపాయమ్మ రేవు ఉంది. అక్కడ గుసగుసలాడకూడదంటారు. అరవొచ్చు, పాడొచ్చు, తిట్టుకోవచ్చు — గొంతు తగ్గించారో, ఆ మాట ఊరంతా వినేస్తుంది.

వెనకటి వరదలో పాపాయమ్మా, ఆవిడ స్నేహితురాలూ ఒకే దోనెలో ఆ రేవుకి చేరారట. "నువ్విక్కడ దిగు, పిల్లల్ని దాటించి ఇప్పుడే వస్తా" అని స్నేహితురాలు దోనె నెట్టుకుపోయింది. మరి రాలేదు. పాపాయమ్మ కేకలు ఊరివాళ్ళు తెల్లవార్లూ విన్నారు. విని... తలుపులు వేసుకున్నారు.

ఆ నీళ్ళలోనే పోయిన ఆవిడ అప్పటినుంచీ ఊరుకోదు. అక్కడ ఎవరు ఎవర్ని ముంచాలని మెల్లగా అనుకున్నా ఊరికి మోసేస్తుంది. పక్క చేను గట్టు తెంపుదామని ఇద్దరు ఆ రేవులో గొణుక్కుంటే, వాళ్ళు పార తెచ్చుకునేలోగా గట్టుమీద నలభైమంది నిలబడి ఉన్నారట!

ఇదంతా జిలానీకి చెప్పింది సూరమ్మ. రేవు పక్కన చేపలు ఎండబెట్టుకునే ముసలమ్మ.

"నాటకం ఊళ్ళో ఆడతన్నారు గదా బాబూ. ఆ మైకు పెట్టె తెచ్చి ఈ రేవు పాకలోనే పెట్టాలా?"

"స్టేజీ దగ్గర పందిరి కారుతోందండీ. పెట్టె లోపల ఒక్క చుక్క పడితే ఆరు గాజు వాల్వులూ పోతాయి" అన్నాడు జిలానీ. "అయినా మా పెట్టె పనే అది గదండీ, మెల్లగా అన్నది ఊరంతటికీ వినిపించడం!"

సూరమ్మ నవ్వలేదు.

అది పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదో సంవత్సరం. ఏలూరు జిలానీ, తాడేపల్లిగూడెం వీర్రాజు — ఇద్దరూ ఆ మైకు సెట్టు వెంట నాలుగేళ్ళుగా తిరుగుతున్నారు. పెట్టెకి మూడు నాబులు, ఒక్కో మైకుకి ఒకటి. ఒకటోది రాజులకి, రెండోది రాణులకి, మూడోది హార్మోనియానికి. చుట్టూ సున్నా నుంచి పది దాకా అంకెలు. రాజు అరిస్తే నాలుగు, రాణి ఏడిస్తే ఏడు, హార్మోనియం మూడు దాటకూడదు. ఈ లెక్క జిలానీ వేళ్ళకి తెలుసు. వీర్రాజుకి ఎంత నేర్పినా రాలేదు. అందుకని వైర్లు లాగడం అతని వంతు.

ఏలూరులో కొత్తగా టాకీ హాలు కడుతున్న తాతాజీగారికి ఒక్క ఆపరేటరు కావాలి. ఈ ఊళ్ళో మూడో రోజు నాటకానికి వచ్చి, సెట్టు విని, మనిషిని చూసుకుంటానన్నారు. జిలానీ పుట్టిన దగ్గర్నుంచీ ఏదైనా గట్టిగా కోరుకున్నాడంటే ఆ కుర్చీ ఒక్కటే.

మొదటి రాత్రి నాటకం అయిపోయింది. ఊళ్ళో స్టేజీ మీది లౌడుస్పీకర్లకి పెట్టె మీదున్న స్విచ్ ఆపేసి, హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని, ఏ మైకు ఎలా ఉందో చూసుకుంటున్నాడు జిలానీ.

"...జిల్లూ..."

చెయ్యి ఆగిపోయింది.

"...జిల్లూ... వెళ్ళిపోరా నాన్నా... ఈ పెట్టె వదిలెయ్..."

జిల్లూ — అలా పిలిచింది లోకంలో ఒక్క మనిషే. వాళ్ళమ్మ హమీదా. పోయి పదకొండేళ్ళయింది.

రెండో రాత్రీ అదే. ఊపిరంత సన్నటి గొంతు... ఏడుస్తూ...

"ముఖం అలా అయిపోయిందేంట్రా?" అన్నాడు వీర్రాజు పొద్దున్నే. చెబితే విని, భుజం మీద చెయ్యి వేశాడు. "అమ్మ అంతలా బతిమాలుతుంటే ఇంకా కూర్చుంటావా? నువ్వు ఇంటికెళ్ళు. ఇవాళ్టికి పెట్టె దగ్గర నేను కూర్చుంటాలే."

జిలానీ సంచీ సర్దుకున్నాడు కూడా. కానీ తాతాజీగారు మధ్యాహ్నమే దిగారని తెలిసి, కాళ్ళు మళ్ళీ రేవు వైపే నడిచాయి.

దీపాలు పెట్టే వేళ. ఊరి చివర స్టేజీ దగ్గర జనం గోల ఫర్లాంగు దూరానికి వినిపిస్తోంది. లౌడుస్పీకర్లు ఇంకా వెయ్యలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

"...జిల్లూ... వెళ్ళలేదూ..."

లేవబోయాడు. వేళ్ళు మాత్రం అలవాటు చొప్పున ఒకటో నాబు మీదికి పోయాయి. తిప్పి సున్నాకి తెచ్చాడు.

గొంతు వినిపిస్తూనే ఉంది.

ఒకటి తెరిచాడు. రెండు మూశాడు.

ఉంది.

రెండు తెరిచి... మూడు మూశాడు.

నిశ్శబ్దం.

మూడోది కాస్త పైకి తిప్పాడు. రెండు... మూడు... నాలుగు... "...వెళ్ళిపోరా..."

జిలానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మకి మూడో నాబుతో పనేమిటి?

హార్మోనియం మైకు స్టేజీ మీద ఉండాలి. దాని వైరు మాత్రం పాక వెనక సందులోంచి తుంగలోకి పోతోంది. జిలానీ మూడో నాబు సున్నాకి తెచ్చాడు. లౌడుస్పీకర్ల స్విచ్ ఆగే ఉందని చేత్తో తడిమి మరీ చూసుకున్నాడు. తలుపుకి బయట గొళ్ళెం పెట్టి, వైరు పట్టుకుని నడిచాడు.

అరవై అడుగులు. తుంగలో బోర్లించిన పాత దోనె. దాని కింద... మైకు ఒళ్ళో పెట్టుకుని వీర్రాజు.



"జిల్లూ అన్న పేరు నీకొక్కడికే చెప్పానురా" అన్నాడు జిలానీ. "కైకలూరు స్టేషన్లో, రైలు తప్పిపోయిన రోజు. నీ దుప్పటి కప్పుకుని చెప్పాను."

"మెల్లగా! ఎవరైనా వింటారు." వీర్రాజు గొంతు తగ్గించాడు. "ఏం చెయ్యమంటావురా? నువ్వు పక్కనుంటే నన్నెవడు తీసుకుంటాడు? మీ అమ్మ పేరు చెప్పి పిలిస్తే నువ్వే పోతావనుకున్నా. నీ భయం నాకు తెలుసు గనక వాడుకున్నా..."

ఒక్క రెప్పపాటు.

ఊరి వైపు నుంచి, చీకటిని చీల్చుకుంటూ, కొండంత గొంతు — "...నీ భయం నాకు తెలుసు గనక వాడుకున్నా..."

జనం గోల ఠక్కున ఆగిపోయింది.

వీర్రాజు ముఖం పాలిపోయింది. "నాబు తెరిచి వచ్చావా! నన్ను నమ్మించి గొంతు కోశావు కదరా!"

ఆ మాట కూడా ఊరంతా మోగింది.

"మూసే వచ్చానురా..." అన్నాడు జిలానీ.

లాంతర్లు కదిలివచ్చాయి. ముందు తాతాజీగారు. వీర్రాజు వైపు చూడనైనా చూడలేదాయన. "జిలానీ, నాటకం నడిపించు. రేపు హాలుకి రా. ఒక్కడివే రా."

పుట్టిన దగ్గర్నుంచీ కోరుకున్న మాట. వినగానే జిలానీ అలవాటుగా పక్కకి తిరిగాడు — వీర్రాజుకి చెబుదామని. వీర్రాజు అప్పటికే గట్టు దిగి నడుస్తున్నాడు, వెనక్కి చూడకుండా.

సూరమ్మ లాంతరు పట్టుకుని పాక దాకా తోడు వచ్చింది. బయట గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. తీశాడు. లోపల ఎవరూ లేరు. పొడి నేల. దుమ్ములో ఉన్నవి తన అడుగులే.

లౌడుస్పీకర్ల స్విచ్ వేసి ఉంది.

మూడో నాబు... పది మీద.

మూద్దామని వేలు ఆనించాడు.

నాబు తడిగా ఉంది.