లమ్యాయి అక్క ఖ్వాన్

మా అక్క లమ్యాయి నోరు ఊళ్ళో అందరికీ తెలుసు. సంతలో ఎండుచేపలు అమ్ముతూ, బేరమాడేవాళ్ళని "ఏం బావా, చేపతో పాటు సముద్రం కూడా కావాలా?" అని ఏడిపించేది. కాలవ వంతెన మీద బండి జారి పడ్డాక ఆ నోరు మూతపడింది. ఎడమ చెయ్యి నరం తెగింది. జాకెట్టు తగిలినా నిప్పు పెట్టినట్టు అరిచేది.

పట్నం ఆస్పత్రిలో నరాల మాత్రలు ఇచ్చారు. నొప్పి తగ్గింది. అక్కడితో ఆగలేదు... మిగతావి కూడా తగ్గాయి. నవ్వు, కోపం, ఏడుపు. ఐదేళ్ళ కూతురు ఫాయి మెట్ల మీంచి పడి గడ్డం చితక్కొట్టుకుంటే, అక్క టీవీ చూసినట్టు చూసింది.

"ఏంటక్కా, రక్తం కారుతుంటే?" అన్నాను.

"ఒరే తోయ్, నొప్పి పక్కింట్లో ఎవరిదో అన్నట్టుందిరా." మెల్లగా అంది. "ఫాయి కూడా అంతే. పక్కింటి పిల్లలా ఉంది."

ఆ రాత్రి నుంచి ఫాయి నా పక్కన పడుకుంటోంది. "మామా, అమ్మ ఎప్పుడొస్తుంది?" అంటుంది. అమ్మ పక్కగదిలోనే ఉంటుంది.

డాక్టరమ్మకి చెప్తే, "ఈ మాత్రలు కొంతమంది మనసుని మొద్దుబారుస్తాయి. ఒక్కసారిగా మానెయ్యకండి, మెల్లగా తగ్గిద్దాం" అంది. అమ్మమ్మ ఒప్పుకోలేదు.

"మాత్ర కాదు, మట్టి కాదు. దాని ఖ్వాన్ వంతెన దగ్గరే పడిపోయింది. ప్రాణం బెదిరి అక్కడే కూర్చుంది. పోయి పట్టుకొస్తాను."

"చేపనా, పట్టుకురావడానికి?"

"కాలేజీ మానేసిన వెధవా, నువ్వు నాకు చెప్పొచ్చావా?"

మా వైపు ఖ్వాన్‌ని, అంటే మనిషిని వదిలిపోయిన ప్రాణాన్ని, అలాగే పడతారు మరి, చేపలవలతోనే. వలలో ఆ మనిషి పాత జాకెట్టు, ఉడకబెట్టిన గుడ్డు, బంకన్నం ముద్ద పెట్టి, పడిన చోట గాలిని తోడతారు. పేరు పెట్టి పిలుస్తారు. తిరిగొచ్చి మెట్ల కింద నిలబడి, "వచ్చిందా?" అని అడుగుతారు. ఇంట్లోవాళ్ళు "వచ్చింది" అనాలి. అంటేనే లోపలికి వస్తుంది.

పొద్దు వాలుతుండగా అమ్మమ్మ ఇద్దరు ముసలాళ్ళని వెంటేసుకుని బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ నా చెవి మెలిపెట్టింది. "వల కళ్ళారా చూశాకే బదులు చెప్పు. గొంతు విని చెప్పకు."

నేనూ ఫాయీ వసారాలో చాప మీద కూర్చున్నాం. అక్క లోపల దోమతెరలో పడుకుంది. పొలాల్లో గడ్డి కాలుస్తున్న పొగ. పులిసిన చేపల జాడీ వాసన. కప్పలు ఒకటే గోల.

ఉన్నట్టుండి కప్పలు ఆగిపోయాయి.

మెట్ల కింద నుంచి అమ్మమ్మ గొంతు. "వచ్చిందా?"

తొంగి చూశాను. చీకట్లో ఎవరో ఉన్నారు. చేతులు ఖాళీ.

ఫాయి నోరు ముయ్యబోయాను. అప్పటికే...

"వచ్చింది! అమ్మ వచ్చేసింది!"

మెట్టు కిర్రుమంది. ఇంకో మెట్టు. చెక్క మీద తడి పాదాల చప్పుడు. చుట్టూ కాలవ బురద వాసన. ఒక ఆడమనిషి నన్ను దాటుకుని వెళ్ళింది. జుట్టు మొహం మీద పడి ఉంది. ఫాయిని ఎత్తుకుంది... రెండు చేతులతో. ఎడమ చెయ్యి సుబ్బరంగా లేచింది. ఫాయి మెడలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఫాయి కితకితలు పెట్టినట్టు నవ్వుతోంది.

"అక్కా..." అన్నాను.

"ఎవర్రా వచ్చింది?"

ఆ గొంతు దోమతెరలోంచి వచ్చింది. చప్పగా. ఏ భావమూ లేకుండా.

అటు చూసి తిరిగేసరికి చాప మీద ఫాయి ఒక్కతే ఉంది. గౌను ముందంతా తడి.

అమ్మమ్మ వల పట్టుకుని కాసేపటికి వచ్చింది. "వచ్చిందా?" అని అడిగింది. జరిగింది చెప్పాను. నన్ను తిట్టలేదు. దానికే నాకు భయమేసింది. అక్క మణికట్టుకి తెల్లదారం కట్టి, అక్కడే కూలబడిపోయింది.

తర్వాత నేనే అక్కని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మాత్ర తగ్గిస్తూ వచ్చారు. నొప్పి కొంచెం తిరిగొచ్చింది. నొప్పితో పాటు అక్క కూడా. మొదట నన్ను తిట్టింది, నాకు పండగలా అనిపించింది. నిన్న సాయంత్రం అన్నం తింటూ, ఫాయి గడ్డం మీది మచ్చ చూసి గొల్లుమంది. "నా తల్లీ, ఎప్పుడు తగిలిందే ఇది? రావే, రా." కుడి చెయ్యి చాపింది.

ఫాయి నా వెనక్కి నక్కింది.

"రావే, అమ్మని."

"నువ్వు కాదు." గుసగుసలా అంది. "అమ్మ స్నానం చేస్తోంది. చేసొచ్చి ఎత్తుకుంటానంది."

అక్క నా వైపు చూసింది. నేను అమ్మమ్మ వైపు చూశాను. ఇంట్లో ఉండేది మేం నలుగురమే. నలుగురం అన్నం ముందే ఉన్నాం.

ఇంటి వెనక, స్నానాల గదిలో, చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు... ఆగింది.

గడియ తీశారు.