జూన్ ముప్పై ఒకటి

కనకరత్నం ముందున్న మిషను పదిహేడోసారి ఆగిపోయి ఎర్రదీపం వెలిగించింది.

"మీ మిషనుకి నా మీద పగేటండీ?" అన్నాడు పక్కనున్న అప్పలసూరి.

"మిషన్లకి పగలుండవండీ. మీ వేళ్ళకే నిదానం లేదు," అంది ఆమె, తల తిప్పకుండానే.

అతను ముడుచుకుపోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. పూర్ణా మార్కెట్ పక్కవీధిలో, మేడమీద ఒక కంప్యూటరు కంపెనీ వెలిసింది. అసలు కంప్యూటరు మద్రాసులో ఉందట. ఇక్కడున్నవి కార్డులకు చిల్లులు పొడిచే మిషన్లు. అవి మోగితే కింద బుట్టల్లోని కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసేవి. నమ్మకపోతే మీ ఇష్టం.

కాగితం చూసి ఒకరు కార్డు పొడవాలి. అదే కాగితం చూసి రెండోవారు మళ్ళీ కొట్టాలి. ఒక్క అంకె తేడా వచ్చినా ఎర్రదీపమే.

ఇంటర్వ్యూ పేరుతో కంపెనీ నాలుగు నెలలు తిప్పింది. మొదటిసారి మార్కులు చూసింది. రెండోసారి అప్పలసూరి పొడిచిన కార్డులు కనకరత్నం సరిచూసింది; ఆ పదిహేడు తప్పులు అప్పటివే. మూడోసారి పొద్దున్నుంచీ బెంచీ మీద కూర్చోబెట్టి, సాయంత్రం కరెంటు లేదంది.

ఆ బెంచీ మీదే కనకరత్నం, మంచినీళ్ళిచ్చే సన్యాసమ్మతో మెల్లగా అంది: "ఈ ఉద్యోగం రాకపోతే నాన్నగారు తణుకు సంబంధం ఖాయం చేసేస్తారు. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద."

"పదేనేల్లే! ఆ బాబు బడికెల్లినప్పటికి నువ్వింకా పుట్టనేదు కదమ్మా!"

బెంచీకి ఆ చివర అప్పలసూరి వాన చూస్తున్నట్టు కూర్చున్నాడు గానీ, ఒక్క మాటా వినకుండా వదల్లేదు.

నాలుగోసారికి మిగిలింది వాళ్ళిద్దరే. ఈసారి ఆమె పొడిచింది, అతను సరిచూశాడు. నలభై మంది కూలీల పుట్టినతేదీలు. ఎర్రదీపం ఒక్కసారీ వెలగలేదు.

ఆఫీసరు అచ్యుతరామయ్య ముఖం మాత్రం నల్లబడింది.

"పోతమ్మ పుట్టినతేదీ జూన్ ముప్పై ఒకటని నేనే కావాలని రాశాను. కాగితంలో ఉన్నదే కొట్టాలని రూలు. ఇద్దరూ ముప్పై కొట్టారు! ఏమయ్యా, ఆమె కార్డు చూసి కొట్టావా? ఒప్పుకుంటే ఆమెది పొరపాటని వదిలేసి ఆమెకి ఉద్యోగమిస్తాను. లేదంటే ఇద్దరూ కూడబలుక్కున్నట్టే, ఇద్దరికీ లేదు."

"సూసే కొట్టానండి," అన్నాడు అప్పలసూరి వెంటనే.

కనకరత్నం లేచి నిలబడింది.

"అబద్ధమండీ. ఈయన నా మొహం చూసి రెండు నెలలైంది, కార్డేం చూస్తారు? లేని తేదీ పంపితే మద్రాసు మిషను కార్డు తోసేస్తుంది, పోతమ్మ కూలి ఆగిపోతుంది. నాకు తోచిందే ఆయనకీ తోచింది."

"అయితే ఇద్దరూ వెళ్ళొచ్చు."

కింద వాన. బెల్లం కొట్టు చూరు కింద నిలబడ్డారు.

"ఎందుకండీ అలా అన్నారు?"

"తణుకు మాట ఇన్నానండి. మీరు ఆ ఊరెల్లిపోతే..." అతను తడిసిన చొక్కా అంచు పిండుకున్నాడు. "నాను ఓర్సుకోలేనండి. అయినా, సేతికందిన ఉజ్జోగం మీరెందుకొదిలేశారు?"

"మిమ్మల్ని దొంగని చేసి ఇచ్చిన కుర్చీలో ఎలా కూర్చోనండీ?"

వాన కాస్త తగ్గగానే ఆమె చూరు కిందనుంచి బయటికి అడుగేసింది.

"ఆదివారం కంచరపాలెం రండి, మా ఇంటికి," అందామె. "ఉద్యోగం లేదని మీరే నాన్నగారితో చెప్పండి. అబద్ధం మాత్రం ఆడకండి, మీకు చేతకాదు."

ఆమె తండ్రి భీమశంకరరావు పోర్టులో క్రేన్ డ్రైవరు. ఆదివారం అప్పలసూరి గుమ్మంలోనే చెప్పేశాడు.

"నాకు ఉజ్జోగం లేదండి. అయినా మీ అమ్మాయిగార్ని అడగడానికే వచ్చానండి."

"మరి ఏం చూసి పిల్లనివ్వమంటావయ్యా?"

కనకరత్నం కాఫీ తెచ్చి అప్పలసూరి చేతికిచ్చింది. లోపలికి వెళ్ళలేదు. పక్కనున్న కుర్చీ లాక్కుని, తండ్రికి ఎదురుగా అతని పక్కనే కూర్చుంది.

భీమశంకరరావు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పోస్టుకార్డొకటి ఉంటే పట్రా అమ్మా," అన్నాడు చివరికి. "తణుకు వాళ్ళకి వద్దని నేనే రాస్తాను."