రెండో గుండు పేలదు

ఆదిమూలం పిస్టల్ ఒక్కసారే పేలింది.

గూడూరు స్టేషన్ బయట, పట్టపగలు, నిమ్మకాయల బస్తాల మధ్య నుంచి ఒకడు కత్తి ఎత్తుకుని పరుగున వచ్చాడు. ఆదిమూలం వాడి కాళ్ల ముందు కాల్చాడు. వాడు వెనుదిరిగి పారిపోయాడు. అప్పుడు ఇంకొకడు వచ్చాడు. వాడు పరిగెత్తలేదు, ఎక్కడా నక్కలేదు. పెళ్లి భోజనానికి పిలిస్తే వచ్చినవాడిలా తాపీగా నడిచి వచ్చాడు. ఆదిమూలం ట్రిగ్గర్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. నడిచి వచ్చినవాడు ముందు ఆదిమూలాన్ని, తర్వాత అతను కాపలా కాస్తున్న రాకెట్ ఇంజనీరును కాల్చి జనంలో కలిసిపోయాడు.

ఆ పిస్టల్ ఇప్పుడు చిత్తూరులో చీఫ్ సౌందరరాజన్ టేబుల్ మీద ఉంది. కింద 'మామిడి గుజ్జు ఎగుమతిదారులు' అని బోర్డు. పైన కేంద్ర గూఢచారి శాఖ రహస్య ఆఫీసు. అది 1983 వేసవి.

"ఆస్టెన్‌బర్గ్," అన్నాడు చీఫ్. "యూరప్‌లో తాతల నాటి కంపెనీ. దీని ఖరీదుకు తిరుచానూరులో ఇంటిస్థలం వస్తుంది. మనవాళ్లందరి దగ్గరా ఇవే. పేలిన తూటా డొప్ప బయటికి రాకుండా గొట్టంలోనే ఇరుక్కుపోయింది."

ఏజెంట్ సంపత్కుమార్ కుర్చీలో కూర్చోలేకపోతున్నాడు. లేచాడు, కిటికీ దాకా వెళ్లాడు, తిరిగి వచ్చాడు. ఆదిమూలం, అతను ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయ్యారు.

"తుపాకీ పట్టుకున్న మనిషికి ఎదురుగా ఎవడైనా అంత తాపీగా నడిచి వస్తాడా సార్?"

"రాడు. అది పేలదని ముందే తెలిస్తే తప్ప."

"అంటే మన ఆయుధాగారంలోనే ఎవరో చెడగొట్టినారు."

"నువ్వు తేల్చాల్సింది అదే. రేపు ఇంకో ఇంజనీరు, వేంకటాచలపతి, మద్రాసు రైల్లో రేణిగుంట వస్తున్నాడు. కొండకు పోయి మొక్కు తీర్చుకుంటాడట. వద్దంటే వినడు. అక్కడి నుంచి గార్డు చిన్నబ్బ. మన రాకెట్ ఇంజనీర్లను వేటాడుతున్న ఆ విదేశీ ముఠా ఈయన్నీ వదలదు." చీఫ్ గొంతు తగ్గించాడు. "కోమలవల్లి కబురు పంపింది. నిన్నే కలుస్తానంది. జాగ్రత్త. ఆ అమ్మాయి మనకు ఆయుధాల దొంగవ్యాపారుల సంగతులు చెబుతుంది. వాళ్లకు మన సంగతులు చెప్పదని నేను ప్రమాణం చేయలేను."

మర్నాడు పొద్దున తిరుపతి బస్టాండు ఎదుట హోటల్లో, నున్నగా గీయించిన తలకు చందనం పూసుకుని, భుజానికి ట్రాన్సిస్టర్ తగిలించుకున్న ఒక యాత్రికుడు కాఫీ తాగుతున్నాడు. ఆ ఊళ్లో సంపత్‌కు అంతకు మించిన మారువేషం లేదు. ట్రాన్సిస్టర్‌లో పాటలు రావు. అది వైర్‌లెస్.

నల్ల కళ్లద్దాలు, జార్జెట్ చీర, ఫారిన్ సెంటు. హోటల్ మొత్తం తలతిప్పి చూస్తుండగా ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇవి గూడూరు నిమ్మకాయలేనా స్వామీ?"

"కాదు తల్లీ. పులుపు తక్కువ."

కోడ్ కలిసింది. కోమలవల్లి అద్దాలు తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆస్టెన్‌బర్గ్ కంపెనీకి మద్రాసులో సేల్స్ ఆమే చూస్తుంది.

"మీ ఆయుధాగారంలో వెతకొద్దండి. ఎవురూ ఏమీ చెడగొట్టలేదు," అంది.

"మరి?"

"అవి పుట్టుకతోనే అట్లుండాయి. పాత మేస్త్రీలను ఇంటికి పంపేసినారు. డొప్పను లాగే కొక్కెం నాసిరకం ఉక్కుతో చేస్తా ఉండారు. ముందు ప్రతి పిస్టల్‌నీ కాల్చి చూసేవాళ్లు, ఇప్పుడు తుడిచి పెట్టెలో పెడతారు. పైన ముద్ర మాత్రం ఆ పాతదే. ఫిర్యాదులన్నీ నా దగ్గరికే వచ్చినాయి. నోరు మూసుకోమన్నారు."

"నువ్వు మూసుకోలేదు. ముఠాకు అమ్మినావు."

ఆమె కాదనలేదు. "ఏ గార్డు దగ్గర ఏ పిస్టల్ ఉండాదని, అది ఎన్నిసార్లు పేలుతుందని అడిగితే చెప్పినాను. దొంగసరుకు వ్యాపారమనుకున్నాను. గూడూరు సంగతి పేపర్లో చూసినాక అర్థమయింది. ఒకడు ఎదురొచ్చి మొదటి గుండు తినేస్తాడు. రెండోవాడు నడిచొస్తాడు. ఆ పిస్టల్ ఆదిమూలం గారికి నా చేత్తోనే ఇచ్చినాను. ఎట్ల పట్టుకోవాలో కూడా చూపించినాను."

సంపత్ చెయ్యి తనకు తెలియకుండానే నడుము దగ్గరికి పోయింది.

"మీ దగ్గర ఉండేదీ ఆ సరుకే స్వామీ," అంది కోమలవల్లి. "ఈరోజు రేణిగుంటలో మీకూ ఒక్కటే పేలుతుంది. చిన్నబ్బకూ అంతే."

"ఆ రెండోవాడి ముఖం తెలుసా?"

"తెలీదు. ఎవురూ చూడలేదు."

నమ్మాలా? ఆమె చెప్పిందంతా పన్నిన ఉచ్చయితే? జీపులో రేణిగుంట చేరేదాకా సంపత్ కాలు నేలమీద నిలవలేదు. పక్కన ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వైర్‌లెస్‌లో చీఫ్‌ను అడిగితే, వేరే తుపాకులు తెప్పించే టైము లేదన్నాడు. రైలు అప్పటికే పుత్తూరు దాటింది.

ప్లాట్‌ఫారం నిండా గుండ్లే. ఆడ, మగ, పిల్లాజెల్లా, అందరూ కొండ దిగి వచ్చినవాళ్లే. చిన్నబ్బను ఒక పక్కకు లాగి సంపత్ సంగతంతా చెప్పాడు.

చిన్నబ్బ తన పిస్టల్‌ను తేలుని చూసినట్టు చూశాడు. "ఒక్కటేనా సార్? అట్లయితే ఇంజనీరు సారును రైల్లోనే ఉంచేస్తాం."

"ఈరోజు ఉంచుతాం. రేపు ఆ రెండోవాడు యాడనో ఇంకొకని దగ్గరికి నడిచొస్తాడు. వాడికి కావలసింది ఒక్క శబ్దం అప్పా. అది మనమే ఇస్తాం."

రైలు వచ్చింది. వేంకటాచలపతి దిగాడు. బక్కపలచని మనిషి, నుదుట నామం. చిన్నబ్బ ఆయన ముందు, సంపత్ ఇద్దరికీ వెనక.

నాలుగడుగులు వేశారో లేదో, టీ బండి చాటునుంచి ఒకడు కత్తితో కేకపెడుతూ దూకాడు. చిన్నబ్బ పిస్టల్ ఎత్తాడు. వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. నొక్కలేదు. వెనక నుంచి సంపత్ తన పిస్టల్‌ను రేకుల కప్పు వైపు ఎత్తి కాల్చాడు.

జనం అరుస్తూ చెదిరారు. కత్తివాడు పట్టాల మీదికి దూకి పరిగెత్తాడు. సంపత్ మళ్లీ ట్రిగ్గర్ నొక్కి చూశాడు. పేలలేదు. ఆమె నిజమే చెప్పింది.

చిన్నబ్బ ఇరుక్కుపోయినట్టుగా తన పిస్టల్‌ను అటూ ఇటూ గుంజసాగాడు. చెమట మాత్రం నటన కాదు.

పరిగెత్తే జనానికి ఎదురుగా ఒక్కడు నడిచి వస్తున్నాడు. గీయించిన తల, చందనం, పసుపు పంచె. ముఖంలో ఏ తొందరా లేదు. చేతిలోని తువ్వాలు జారింది. కింద రివాల్వర్. దాని మూతి వేంకటాచలపతి నామానికి సూటిగా లేచింది.

"ఇప్పుడు," అన్నాడు సంపత్, ఇంజనీరును నేలకు లాగుతూ.

చిన్నబ్బ కాల్చాడు.

వాడి రివాల్వర్ ఎగిరి పట్టాల్లో పడింది. వాడు భుజం పట్టుకుని కూలబడి, పేలిన పిస్టల్ వైపు, మోసపోయిన కొనుగోలుదారుడిలా చూశాడు.

ఆ సాయంత్రానికల్లా వాడు నోరు విప్పాడు. సూళ్లూరుపేటలో ముఠా అద్దెకు తీసుకున్న ఇల్లు పోలీసుల చేతిలో పడింది. సంపత్ స్టేషన్ బయట ఆపిన జీపు దగ్గరికి వచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. కోమలవల్లి లోపలే కూర్చుని ఉంది.

"పారిపోలేదే?"

"యాడికి పోయేది?" అంటూ రెండు చేతులూ ముందుకు చాపింది. బేడీలు వేస్తుంటే సంపత్ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. ఆదిమూలాన్ని చంపింది ఆమె మాటే. చిన్నబ్బను బతికించిందీ ఆమె మాటే.

కొన్నాళ్ల తర్వాత చిత్తూరు ఆఫీసులో చీఫ్ కాఫీ కలుపుకుంటూ అన్నాడు, "ఆస్టెన్‌బర్గ్ వాళ్లు జవాబిచ్చారోయ్. మనం కంగారు పడనక్కర్లేదట. పిస్టల్‌కు జీవితకాలం గ్యారంటీ ఉందట."

సంపత్ కిటికీ దగ్గర నుంచి తిరిగాడు.

"ఎవరి జీవితకాలమో రాసినారా సార్?"