ఎనుక చక్రంల ఆముదం

కొత్తవాడల మగ్గాల సప్పుడు పొద్దు పొడువక ముందే మొదలైతది. ఆ సప్పుడుల పుట్టి, ఆ సప్పుడులనే పెద్దగైనోడు సారంగపాణి. జంపఖానలు నేసేటోడు. చెయ్యి మంచిది. కని మగ్గం దిగిండంటె వాని పాణమంత సైకిల్ మీదనే ఉండేది.

తండ్రి తొక్కిన పెద్ద సైకిలే అది. తండ్రి పోయినంక దాని మడ్‌గార్డులు ఊడవీకిండు. స్టాండు వీకిండు, చైను డబ్బ వీకిండు, ఎనుక క్యారల్ వీకిండు. బరువు తగ్గాలె గద. వెల్డింగు దుకాన్ల చెప్పి హ్యాండిల్‌ను పొట్టేలు కొమ్ముల లెక్క కిందికి వంపిచ్చిండు. కాజీపేట రైల్వే కాలనీల ఒక ఇంజన్ డ్రైవర్ దొర ఊరిడిచిపెట్టి పోతుంటే, ఆయన రేసు సైకిల్‌ది ఎనుక చక్రమొక్కటి వీనికి దొరికింది. సన్న టైరు, సన్న పుల్లలు, చేతుల పట్టుకుంటే చాట లెక్క అల్కగ ఉంటది. దాన్ని తండ్రి సైకిల్‌కు సరిపిచ్చేటాలకు మూడు నెలలు పట్టింది. తిండి కూడ యాదికి లేకుండె వానికి.

ఆదివారం వచ్చిందంటె ఆకిట్ల గోనెసంచి పర్సుకొని కూసుంటుండె. చక్రం ఇప్పి, ఇరుసు సుట్టూ తిరిగే ఇనుప గుండ్లు, ఛర్రలంటరు, అవి ఒక్కొక్కటి తీసి గాసునూనెల కడుగుతుండె. మెత్తటి బట్టతోని తుడిచి ఎండకు పట్టి సూస్తుండె. సూదిమొనంత గీత కనవడ్డా ఆ ఛర్ర పారేసుడే. మోచేతుల దాక నల్లటి జిడ్డు. గోర్ల సందుల జిడ్డు. ఆ చేతులతోనే బీడీ తాగుతుండె.

అదే ఇంట్ల, నడిమర్రల, వాన్ని కన్న అవ్వ సమ్మమ్మ మంచంల ఉండె. పక్షవాతం. ఎనిమిది నెలలు. నడుముకు, వీపుకు పుండ్లు పడ్డయి. గంటకోసారి పక్కకు తిప్పాలె, తిప్పకుంటె తోలు బొంతకు అంటుకపోతది. తిప్పేది, కడిగేది, పసుపు అద్దేది అంత కోడలు అనసూయ. కొడుకు ఆ అర్ర గడప తొక్కలే. పుండ్లల్ల రసి కారుతది, ఈగలు ముసురుతయి, ఆ వాసన వీనికి పడది.

"గా ఛర్రలకు చేసే సేవల సగం మీ అవ్వకు చెయ్యరాదా," అన్నది అనసూయ ఒకనాడు, తడి బట్టలు ఆరేసుకుంట.

"నాకు ఓకారమొస్తదే. ఏం జెయ్యమంటవ్."

"నాకు రాదా మరి? నా ముక్కేమన్న కర్రముక్కా?"

వాడు చక్రం గిర్రున తిప్పి దాని దిక్కే సూసుకుంట కూసున్నడు.

అనసూయ నీళ్లకు నల్ల కాడికి పోయినప్పుడు లోపల్నుంచి సమ్మమ్మ మూలుగుతుండె. "అబ్బా... పక్కకు... కొడుకా, జర పక్కకు..." అని. ఆ మూలుగు ఇనలేక వాడు మగ్గం గుంతల దిగి గట్టిగ నేసుడు షురు చేస్తుండె. పోగును గుద్దే పలక దెబ్బల కింద మూలుగు ఇనవడకపోతుండె.

డెబ్బై తొమ్మిదో సాలు శ్రావణంల, పంద్రాగస్టు ఇంక ఎనిమిది దినాలు ఉన్నదనంగ, సమ్మమ్మ పాణమిడిచింది. ఒక్కగానొక్క కొడుకు. వాడే కొరివి పెట్టిండు. పాణం పోయిన జాగల మంటిముంతల ఆముదం పోసి దీపం పెట్టిన్రు. పదకొండు దినాలు అది ఆరద్దు. అండ్ల నూనె పొయ్యొచ్చు గని తియ్యద్దు. ఆ నూనె పోయినోళ్ల వాట. కొరివి పెట్టినోడు దినాలయ్యేదాక గల్లీ దాటద్దు, ఒకలింటి గడప ఎక్కద్దు. ఇది ఎవ్వలు చెప్పాల్సిన పని లేదు, అందరికి ఎరుకే.

సారంగపాణికి గూడ ఎరుకే. కని పంద్రాగస్టు నాడు సైకిల్ పందెమున్నది. కాజీపేట చౌరస్తల మొదలు వెట్టి స్టేషన్ ఘన్‌పూర్ రైలు గేటు ముట్టి మర్లి రావాలె. ముంగట వచ్చినోన్ని హైదరాబాద్ పందానికి తోలుతరు. మొదటేడు మడికొండ కాడ పంచరై కూసున్నడు. రెండోయేడు మూడోవాడై వచ్చిండు. ఈ యేడు దొర చక్రమున్నది. ఈ యేడు తప్పితే ఇంకెన్నడు?

ఎనిమిదో దినం పొద్దుగూకంగ, సైకిల్ దుకాణం పోశయ్య పలకరియ్యనీకె వచ్చిండు. ముసురు వడ్తాంది. అంటు ఇల్లు గనుక లోపటికి రాలే, ఛత్రి పట్టుకొని గల్లీలనే నిలవడ్డడు.

"పోశన్నా," అన్నడు సారంగపాణి మెల్లగ, "ఎనుక చక్రం గురగురమంటాంది. గ్రీసు ఎండకపోయినట్టుంది."

"నీ ఇంట్ల దినాలు గాలే. రేపు పోతవా ఏంది?"

"పొద్దుగాల పోయి పగటాల్లకు వస్తనే. అనసూయకు చెప్పకు."

పోశయ్య గల్లీల అటూ ఇటూ సూసిండు. సైకిల్ పిచ్చి ఆయనకు గూడ ఉన్నది. "నా కాడి గ్రీసు ముద్ద లెక్క ఉంటది. చక్రం నడిమిట్ల ఉన్న ఆ సన్న హబ్బు మొయ్యది. దానికి ఆముదమే పొయ్యాలె. ఎచ్చజేసి పల్సగైనంక పోస్తే ఛర్రలు నీళ్లల్ల ఈదినట్టు తిరుగుతయి."

"ఇప్పుడు ఆముదం యాడ తేవాలె? కోమటి దుకాణం ఎక్కనియ్యడు నన్ను."

"గదైతె నాకెరుక లేదు తమ్మీ," అనుకుంట పోయిండు పోశయ్య.

అనసూయ నల్ల కాడ ఉన్నది. సారంగపాణి చెంచ పట్టుకొని నడిమర్ర గడప మీద నిలవడ్డడు. ఎనిమిది నెలలకు మొదటిపారి. బొంత తీసేసిన్రు, మంచం తీసేసిన్రు, అలుకు చల్లిన్రు. అయినా వాసన పోలే. నేలల ఇంకింది. ఒక చేత్తోని ముక్కు మూసుకొని లోపటికి పోయిండు. ఒక చేత్తోని దీపంల చెంచ ముంచిండు. నూనె ఎచ్చగ, నీళ్ల లెక్క పల్సగ ఉన్నది. అండ్ల ఒత్తి మసి నల్లగ తేలుతాంది, రెక్కలు కాలిన పురుగొకటి తేలుతాంది. పురుగును గోరుతోని తీసి పారేసిండు. మూడు చెంచలు తీసిండు. దీపం మంట ఇంతకు సన్నగైంది.

పోయి హబ్బుల పోసిండు. చక్రం తిప్పిండు. సప్పుడు లేదు. గాలి తిరిగినట్టు తిరుగుతాంది. వాని మొకంల నవ్వొచ్చింది, తల్లి పోయినంక మొదటి నవ్వు.

"దీపంల నూనె గింతకు దిగిందేంది?" అన్నది అనసూయ వచ్చి.

"గాలికి కాలింది."

ఆమె వాని మొకం దిక్కు సూసింది. పక్కింటోళ్లను అడిగి ఇంత ఆముదం తెచ్చి పోసింది.

తెల్లారి చౌరస్తల జెండా ఎక్కిచ్చిన్రు, సీటీ ఊదిన్రు. ఇరవై సైకిళ్లు. సన్న తుంపర. సారంగపాణి మొదట్నుంచే ముంగట ఉన్నడు. కింద చక్రమున్నదా లేదా అన్నట్టుగ పోతాంది సైకిల్. మడికొండ దాటిండు.

గప్పుడు తగిలింది వాసన.

రోడ్డు పక్కన కుక్క సచ్చి ఉబ్బినట్టుంది అనుకున్నడు. కుక్కదైతె ఎనుకకు పోవాలె గద. పోలే. వెంటనే వస్తాంది. పక్కన తొక్కుతున్నాయన మూతి అటు తిప్పుకున్నడు.

"ఏంది భై, ఏమన్న తొక్కినవా?"

"నేను గాదు."

"నీ సైకిలే. థూ." ఉమ్మి, బ్రేకు వట్టి, ఎనుకకు తగ్గిండు.

ఒక్కలొక్కలే అట్లనే ఎనుకవడ్డరు. వాళ్లు అలిసిపోయి గాదు. ఆ కంపు మింగలేక. పెద్దపెండ్యాల వచ్చేటాలకు రోడ్డు మీద సారంగపాణి ఒక్కడే ఉన్నడు.

వంగి కిందికి సూసిండు. హబ్బుల్నుంచి ఏదో ఊరుతాంది. ఆముదం గాదది. పచ్చగ, చిక్కగ. పుల్లల పొంటి పాకుతాంది. చక్రం తిరుగుతుంటె చుక్క ఎగిరొచ్చి పిక్క మీద వడ్డది. ఎచ్చగున్నది. ఒంటి వేడంత ఎచ్చగ. తుడుద్దామని చెయ్యి వెడితె తీగ సాగింది. వాసన సూడబోయి మూతి దాక తెచ్చిన చెయ్యిని ఆడనే ఆపి, అంగీకి రాసుకున్నడు. హ్యాండిల్ మీదికెళ్లి పక్కకు కక్కిండు. తొక్కుడు మాత్రం ఆపలే.

ఈగలు వచ్చినయి. ఆ వానల, ఆ ఉరుకుడుల. తిరిగే చక్రం మీద ఈగ ఎట్ల వాల్తది? వాలినయి. నల్లగ, దొంతరకు దొంతర.

గేటింక కోసెడు దూరమున్నదనంగ మూలుగు మొదలైంది. చక్రం ఒక్క సుట్టు తిరిగితె ఒక్క మూలుగు. మెల్లగ... కిందికెళ్లి...

"అబ్బా... పక్కకు..."

వానికి తెల్సు. తెల్వదని ఎట్లంటడు? దిగి, సైకిల్‌ను జర పక్కకు పండవెడితె ఆ మూలుగు ఆగుతదని గూడ మనసుకు తట్టింది. ఎనుకకు మర్లి సూసిండు. దూరంగ ఇద్దరు ముగ్గురు కనవడ్తాన్రు. దిగితె వాళ్లు అందుకుంటరు. హైదరాబాద్ పందెం పోతది.

దిగలే. ఇంకింత గట్టిగ తొక్కిండు. గాలి చెవులల్ల కొట్టాలె, మూలుగు ఇనవడద్దు. మగ్గం గుంతల చేసినట్టే చేసిండు.

గేటు ముట్టి మర్లిండు. మర్లినంక బరువైంది సైకిల్. ఎనుక ఎవరో ఎక్కినట్టు గాదు. వాని వీపుకు ఇంకో వీపు ఆనినట్టు... తడిగ. అంటుకపోయినట్టు. వాడు ముంగటికి వంగితె అది గూడ వంగుతాంది. లేస్తె తోలు గుంజుతాంది. మర్లి సూడలే వాడు. చౌరస్త వచ్చేదాక మెడ తిప్పలే.

ముంగటొచ్చింది సారంగపాణే. కని సప్పట్లు లేవు. జనం రెండు దిక్కుల జరిగిన్రు. దండ వెయ్యనీకె వచ్చిన పెద్దమనిషి రెండడుగులు ఏసి ఆగిండు. రుమాలు మూతికి అడ్డం వెట్టుకొని, దండ బల్ల మీదనే పెట్టి, "పేరేందిరా," అని ఆడ్నుంచే అడిగిండు. రాసుకున్నరు. హైదరాబాద్ చిట్టీల వాని పేరెక్కింది.

సీదా పోశయ్య దుకాన్లకు పోయి సైకిల్ బోర్ల వెట్టిండు. "ఇప్పు పోశన్నా. కడుగు దీన్ని. గాసునూనెల ముంచు. ఏమన్న జెయ్యి."

పోశయ్య పానా వట్టి చక్రం ఇప్పిండు. ఇరుసు గుంజిండు. ఛర్రలు తట్టల వోసిండు. ఖణఖణమన్నయి. ఎండిన ఇనుము. తళతళ మెరుస్తానయి.

"దీన్ల చుక్క నూనె లేదురా. కడిగి ఎండకు ఆరవెట్టినట్టుంది."

"మంచిగ సూడు. వాసన వస్తలేదా నీకు?"

"వస్తాంది," అన్నడు పోశయ్య. తట్ట కింద వెట్టి, లేసి, రెండడుగులు ఎనుకకు జరిగిండు. "చక్రంది గాదు సారంగం. నీ కాడికెళ్లి వస్తాంది."

ఇంటికి ఎట్ల వచ్చిండో వానికే ఎరుక లేదు. అనసూయ లేదు. తలుపేసి లోపట గడియ వెట్టిండు. అంగీ ఇప్పవోతె రాలే. వీపుకు అంటుకపోయింది. గుంజితె పాణం పోయినంత మంట. వేళ్లు ఎనుకకు వెట్టి సూస్తె తడి. వాసన సూసుకున్నడు. కక్కనీకె కడుపుల ఏం మిగల్లే. తన ఒళ్లంటె తనకే ఏవగింపు పుట్టి, దీపం పక్కన నేల మీద బోర్ల వడ్డడు. దీపం నిండుగ వెలుగుతాంది.

ఎంతసేపైందో. వీపు మీద తడి బట్ట ఆనింది. అంగీని నానవెట్టి, కొస వట్టి, మెల్లగ, ఇంత ఇంత జేసి ఊడదీస్తాంది ఒక చెయ్యి. బట్టను ముంచుడు, పిండుడు, అద్దుడు. అనసూయ ఎట్లనో లోపటికి వచ్చినట్టుంది అనుకున్నడు. ఏడుపు వచ్చింది.

"తప్పైందే," అన్నడు నేలకు మొకం వెట్టి. "దీపంల నూనె నేనే తీసిన. నేనే తీసిన..."

చెయ్యి ఆగలే. భుజం కింద వెట్టి, ఒత్తకుండ, పక్కకు తిప్పింది వాన్ని. పసిపిలగాన్ని తిప్పినట్టు. మంట తగ్గింది. కండ్లు మూతవడ్తానయి.

గప్పుడు బయట తలుపు దబదబ కొట్టిన సప్పుడైంది.

"ఏమయ్యా, గడియ ఏసుకున్నవేంది?" అనసూయ గొంతు. "ఎండు కట్టెలకు మా అక్కోళ్లింటికి పోయిన. పొద్దటి నుంచి పొయ్యి అంటుకోలే. తీయ్, తడుస్తాన. ఎవలతోని మాట్లాడుతానవ్ లోపట?"

సారంగపాణి కండ్లు తెరిచిండు. తెరిచి, ముంగటున్న గోడ దిక్కే సూసిండు. మెడ తిప్పలే.

ఎనుక, బట్టను నీళ్లల్ల ముంచిన సప్పుడైంది. పిండిన సప్పుడైంది. వీపు మీద మల్ల ఆనింది.

నీళ్లు ఎచ్చగున్నయి.