తలకట్లు మారే వేళ

“నీ వెబ్‌సైట్‌కు దయ్యం పట్టిందా, స్టాన్లీ? మత్తయి మామకు కంది ధర కన్నడల కనపడ్డదంట.”

తడిసిన చున్నీ పిండుకుంటూ దాక్షాయణి అతని గది గుమ్మంలోనే నిలబడి అడిగింది. కర్ణాటక సరిహద్దున ఉన్న కంగ్టిలో వాళ్ల నాయనకు పప్పుల దుకాణం. రోజూ పొద్దున అక్కడి ధరలను నారాయణఖేడ్ రైతు సంఘం సైట్‌లో ఎక్కించేది ఆమే. ఆ సైట్ తయారుచేసింది స్టాన్లీ. మత్తయి లాంటి రైతులు ధర చూసుకునేది అందులోనే.

“చూస్తున్న,” అన్నాడతను.

“నెల సంది చూస్తనే ఉన్నవ్. నీకు వస్తదా, రాదా?”

అతనికి వచ్చు. తప్పెక్కడుందో మొదటి రోజే తెలిసింది. ఫోన్ ఒకరి చేతిలోనే ఉంటుంది గనుక, అందులో నడిచే భాషను ఒక్కచోట గుర్తుంచుకుంటే సరిపోతుంది. సైట్‌ను నడిపే సర్వర్ అలా కాదు. ఎందరో ఒకేసారి వచ్చిపోయే చోటు. వచ్చిన ప్రతివారి భాషనూ విడిగా పట్టుకోవాలి. స్టాన్లీ అక్కడ కూడా అందరికీ కలిపి ఒక్కటే పెట్టాడు. ఒకరు కన్నడ ఎంచుకుంటే అందరి తెరలూ కన్నడలోకి మారిపోయేవి.

కన్నడ ఎంచుకునేది, కన్నడ బడిలో చదివిన దాక్షాయణి ఒక్కతే.

పొద్దున అతను తెర ముందు కూర్చునేవాడు. చూస్తుండగానే తెలుగు అక్షరాల తలకట్లు కన్నడవిగా మారేవి. కంగ్టిలో ఆమె వాన జల్లుకు కిటికీ రెక్క వేసి, ధరలు ఎక్కించడానికి కూర్చుందని తెలిసిపోయేది. సరిచేయడానికి మనసొప్పేది కాదు.

“అంకెలు గూడ కన్నడవేనాయె,” దాక్షాయణి గొంతు తగ్గింది. “ధర తెల్వక మామ కందులన్నీ దారిల అడిగినోనికి అగ్గువకు అమ్మిండు. నన్నేమనలే. నవ్విండు.”

స్టాన్లీ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. వాన ఒక జల్లు కురిసి వెలిసేలోగా పని అయిపోయింది. ఆమె తన ఫోన్‌లో కన్నడ పెట్టి చూసింది. అతని తెర మీద తెలుగు కదల్లేదు.

“గింతేనా? మరి నెలంత ఎందుకు ఆపినవ్?”

“నువ్వు కన్నడ పెడితే అందరికీ కన్నడ అయితుండె. నువ్వొచ్చినవని నాకు తెలుస్తుండె.” అతను తెర వైపే చూశాడు. “ఇగ తెల్వదు.”

చూరు నుంచి నీళ్లు జారుతున్నాయి. దాక్షాయణి చున్నీ దులిపి భుజాన వేసుకుంది.

“గీ మాట మామకు చెప్పు,” అంది.

“నా తప్పు అయిందనా?”

“తప్పూ చెప్పు, ఎందుకు చేసినవో అదీ చెప్పు. ఆయన మా నాయనకు జిగ్రీ దోస్తు. నా పెండ్లి సంగతైనా మా ఇంట్ల ఆయన మాటే నడుస్తది.”

స్టాన్లీ తలెత్తాడు.

“గట్ల చూడకు. బండి తియ్యి, నేను గూడ వస్త. ఒక్కనివి పోతే సగమే చెప్పొస్తవ్.”